అక్కగారి లేఖలు: సాహిత్యము చదువగోరు ఆడపిల్ల

చి. సౌ. చెల్లెలికి,

నీవు కరీంనగరమునుండి వ్రాసిన లేఖ చేరినది. అమ్మాయి ఇంటర్మీడియట్ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొనియు ఇంజనీరింగు చదువననియు, తెలుగు సాహిత్యము ముఖ్యవిషయముగా బి.ఏ. చదివెదననియు పట్టుబట్టినదట. ఇంటిల్లిపాదియు రెండు పక్షములైనారట. దానితోబాటు మఱియొక సంగతి వ్రాసితివి. బీరువాలో బట్టల క్రింద ఆమె దాచుకొన్న నోటుపుస్తకము నీ కంటబడినదనియు, అందు పద్యములు, కథలు ఉన్నట్లు తోచినదనియు, చదువవచ్చునో కూడదో తెలియక మరల అచ్చటనే ఉంచితిననియు తెలిపితివి. ఈ రెండవ సంగతి నాకు మొదటిదానికంటె ముఖ్యముగా కనబడుచున్నది. ఊరును, బంధుత్వములను మాత్రము చెప్పి, పేర్లు చెప్పకుండ నీ లేఖను ఈ పుటలో ప్రస్తావించుటకు నీ వనుమతించితివి గనుక, ఇట్టి చిక్కులోనే యున్న సోదరీమణులకు గూడ ఉపకరించునని ప్రత్యుత్తర మిచ్చటనే వ్రాయుచున్నాను.

మీ ఇంటిలో పుట్టిన ఆక్షేపణలు మూడు. సాహిత్యము కూడు పెట్టదని మీవారు. మన ప్రాంతమున కవిత్వ మెక్కడిది, అదియంతయు డెల్టా సీమలవారి సొమ్ము గదా యని మీ మామగారు. ఆడపిల్ల కథలు వ్రాసినచో ఇంటిగుట్టు రచ్చకెక్కునని మీ అత్తగారు. మొదటిదానిలో నిజమైన చింత గలదు. రెండవది తెలియకపోవుటచేత వచ్చినది. మూడవది భయము. తేలికగా తీరెడుదానిని ముందు తీర్చుకొందము.

మీ మామగారి నొకమారు గంగాధర మండలములోని కురిక్యాలకు దీసికొని పొమ్ము. మీ యూరికి అది దూరము గాదు. అచ్చట బొమ్మలమ్మగుట్ట యనునది గలదు. ఆ గుట్ట బండపై జైన తీర్థంకరుల బొమ్మలును, చక్రేశ్వరీదేవి బొమ్మయు చెక్కబడియున్నవి. వానితో గూడ ఒక శాసనము గలదు. అది క్రీ. శ. 945 ప్రాంతమునాటిది, సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్నది. అందలి తెలుగు భాగమున మూడు కందపద్యములు గలవు. నన్నయభట్టు భారతము నారంభించుటకు సుమారు నూరేండ్లు ముందే మీ జిల్లాలో రాతిపై కందము నడచినదన్నమాట! ఆ శాసనమును వేయించినవాడు జినవల్లభుడు. వేములవాడ నేలిన చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానమందుండి, కన్నడమునకు ఆదికవి యని పేరొందిన పంపని కాతడు తమ్ముడు. ఆ శాసనమున తండ్రి భీమపయ్య పేరుతోబాటు తల్లి అబ్బణబ్బె పేరును గలదు. ఇద్దఱు విద్వాంసులను గన్న తల్లి పేరు వేయియేండ్లకు పైగా ఎండకు వానకు నిలిచియున్నది. ఇది చూచిన పిదప గూడ మన ప్రాంతమున కవిత్వ మెక్కడిదని మామగారు అడుగలేరు.

ఈ మాట మన ప్రాంతమును గూర్చి వినబడుట క్రొత్తయు గాదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా, గోలకొండ పత్రికను నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ యను పేర ప్రకటించిరి. అందు స్త్రీల రచనలు గూడ చేరినవి. లేరన్నవారికి లెక్కతో బదులు చెప్పిరి. ఆ లెక్కలోనికి రాని నోటుపుస్తకములు ఎన్ని బీరువాలలో చెదలు తినిపోయెనో ఎవరు చెప్పగలరు?

ఇక ఇటీవలి వారి సంగతి. సింగిరెడ్డి నారాయణరెడ్డిగారు 1931లో హనుమాజీపేటలో జన్మించిరి. ఆ గ్రామము అప్పటి కరీంనగరము జిల్లాలోనిది. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరియున్నది. తల్లి బుచ్చమ్మ, తండ్రి మల్లారెడ్డి. సేద్యము చేసికొను కుటుంబము. ఊరిలో వినబడు హరికథలు, జంగమకథలు, జానపదగేయములు వారి మొదటి పాఠములు. సిరిసిల్లలోను, కరీంనగరములోను సాగిన బడిచదువంతయు ఉర్దూలో; తెలుగు ఐచ్ఛికవిషయము మాత్రమే. ఉన్నతవిద్యకై హైదరాబాదు చేరిన తరువాత, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయములోని పుస్తకములే వారికి తెలుగు సాహిత్యపు తలుపులు తెఱచినవి. 1953లో ‘నవ్వని పువ్వు’ అను తొలి గ్రంథము వెలువడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగులో యం.ఏ. చేసి, ఆధునికాంధ్ర కవిత్వమునందలి సంప్రదాయములు, ప్రయోగములు అను విషయముపై పరిశోధించి 1962లో డాక్టరు పట్టము పొందిరి. 1980లో వెలువడిన ‘విశ్వంభర’ కావ్యమునకు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. 2017లో స్వర్గస్థులైరి.

ఇందు మన అమ్మాయి గమనింపవలసినది పురస్కారములు గావు. తొలి పుస్తకమునకును, పరిశోధన ముగియుటకును నడుమ తొమ్మిదేండ్లు గడచినవి. ఆ తొమ్మిదేండ్లలో ‘నాగార్జునసాగరము’, ‘కర్పూరవసంతరాయలు’ వంటి గేయకావ్యములును వెలువడినవి. అనగా చదువు ముగించి వ్రాతకు దిగలేదు. వ్రాత దొరకెనని చదువు మానలేదు. రెండును ఒక కాడికి కట్టిన ఎద్దులవలె నడచినవి. పూర్వులు త్రొక్కిన దారి యేది, విడిచిన దారి యేది యని వెదకుటయే వారి పరిశోధన. అట్లు వెదకినవానికి తన దారి గూడ కనబడును.

ఆదిలాబాదు ప్రక్కకు పోదము. సామల సదాశివగారు 1928లో దహెగాము ప్రాంతమందలి తెనుగుపల్లెలో జన్మించిరి. ఉపాధ్యాయవృత్తి నవలంబించి ఆదిలాబాదులోనే జీవితము గడపిరి. తెలుగుతోబాటు సంస్కృతము, ఉర్దూ, పారసీకము, హిందీ, మరాఠీ భాషలు నేర్చిరి. అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెనిగించిరి. హిందుస్థానీ సంగీతమును గూర్చి వారు వ్రాసిన ‘స్వరలయలు’ గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. తమ జ్ఞాపకముల గ్రంథమునకు వారు పెట్టిన పేరు ‘యాది’. మన పెద్దమ్మలు, అమ్మమ్మలు నిత్యము పలుకు మాటయే యది. ఇన్ని భాషలు నేర్చిన పండితుడు, తన గ్రంథమునకు ఇంటిమాటనే పేరుగా పెట్టెను. దీనిని అమ్మాయికి తప్పక చెప్పుము.

ఏలయన, క్రొత్తగా వ్రాయు పిల్లలు తఱచుగా తమ భాషను దాచుకొందురు. మానేరు ఒడ్డున పెరిగిన పిల్ల తానెన్నడును చూడని సముద్రమును వర్ణించును. తొవ్వ, సోపతి, యాది వంటి మాటలు బడిలో తప్పులని దిద్దబడుటచేత, అవి కాగితముపై నుండదగనివని తలంచును. వర్ణింపవలసినది ఎదుటనే గలదు. సిరిసిల్ల మగ్గముల చప్పుడు గలదు. రాత్రి ప్రొద్దుపోవువఱకు తునికాకులు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీల చేతులు గలవు. భర్త దుబాయికి పోగా, రెండేండ్లకో మూడేండ్లకో ఒకమారు వచ్చువానికొఱకు సంసారము నిలుపుకొను ఇల్లాండ్రు గలరు. మధ్యమానేరు జలాశయము క్రింద మునిగిన ఊళ్ళనుండి వచ్చి, క్రొత్త కాలనీలో పాత ఇంటి గడపను తలచుకొను ముసలమ్మలు గలరు. వీరిని చూచినవారు వ్రాయక మఱెవరు వ్రాయుదురు?

ఇప్పుడు చదువు సంగతి. తెలుగు సాహిత్యమన నవలలు చదువుకొనుచు కాలక్షేపము చేయుట యని మీవారు తలంచుచున్నట్లున్నది. అట్లు గాదు. ప్రాచీనకావ్యములు, ఆధునిక కవిత్వము, సాహిత్యచరిత్ర, వ్యాకరణము, ఛందస్సు, అలంకారములు, సాహిత్యవిమర్శ, భాషాశాస్త్రము, జానపదవిజ్ఞానము అన్నియు అందు గలవు. ఛందస్సు నొక్కదానినే చూడుము. కందపద్యమున మొదటి మూడవ పాదములకు మూడేసి గణములు, రెండవ నాల్గవ పాదములకు ఐదేసి గణములు. గణమునకు నాలుగు మాత్రలు. రెండు పాదములు కలిసినప్పుడు 32 మాత్రలు సరిగా రావలెను. ఏ స్థానమున ఏ గణము రాదో నియమము గలదు; ప్రతిపాదమున రెండవ అక్షరము ప్రాస కుదురవలెను. చుక్కలముగ్గులో ఒక్క చుక్క తప్పినను గీత కలియనట్లు, ఒక్క మాత్ర తప్పినను కందము కుంటును. గణితమునందు మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లకు ఇది భారము గాదు, ఆనందము. ఆమె రేపు వచనకవితయే వ్రాయవచ్చును. అయినను లెక్క తెలిసి విడిచినదానికిని, తెలియక విడిచినదానికిని భేదము గలదు.

అయితే ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. బి.ఏ., యం.ఏ. పట్టములు ఎవ్వరినిని కవులను చేయవు. అవి చదువుట నేర్పును. చదువుట నేర్చినవారు తమ వ్రాతను గూడ పరుల వ్రాతవలె చూచి, పనికిరాని వాక్యమును కొట్టివేయగలరు. ఆ కొట్టివేయు ధైర్యమే సాహిత్యవిద్యార్థికి మొదటి లాభము. వ్రాయుటకు కావలసిన మిగిలిన సామగ్రి, చెవియు కన్నును, ఇంటిలోనే సిద్ధము గావలెను.

ఇచ్చట మీ అత్తగారి ప్రసక్తి వచ్చును. ఆమెకు బతుకమ్మపాటలు, తిరుగటిపాటలు, పెండ్లిపాటలు లెక్కకు మిక్కిలిగా వచ్చునని నీవే పూర్వమొక లేఖలో వ్రాసితివి. మనుమరాలి వ్రాతకు భయపడు ఆమెయే ఆ ఇంటిలోని పెద్ద పుస్తకము! బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపదగేయసాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధించి, 1950ల దశకములో డాక్టరు పట్టము పొందిరి. విసురుచు, దంచుచు, ఊయలలూపుచు స్త్రీలు పాడుకొన్న పాటలే విశ్వవిద్యాలయమునకు శాస్త్రవిషయమైనవి. కనుక అమ్మాయికి ఈ సెలవులలో ఒక పని యప్పగింపుము. నాయనమ్మ దగ్గఱ కూర్చుండి దినమున కొక పాట వ్రాసికొనవలెను. ఏ యూరిలో నేర్చినది, ఎవరి నోట విన్నది, ఏ పనిలో పాడుదురు, ఏ మాట కేమి యర్థము అనునవి ప్రక్కన గుర్తింపవలెను. ఉచ్చారణ నెట్లు విన్నదో అట్లే వ్రాయవలెను, దిద్దరాదు. ఫోనులో గొంతును గూడ పట్టి ఉంచవచ్చును. నెల తిరుగునప్పటికి ఆమెకు ముప్పది పాటలు, అత్తగారికి ఒక శిష్యురాలు లభింతురు. తన నోటిమాటను మనుమరాలు గౌరవముతో వ్రాసికొనుట చూచిన ముసలమ్మ, వ్రాతయన్నంతనే ఇంటిగుట్టు బయటపెట్టుట యని ఇక తలంపదు.

ఇండ్లలో నిలిచిన అక్షరమున కెంత విలువ యుండునో తెలుపుటకు ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమందలి గుంజాల గ్రామము చాలును. అచ్చటి గోండుల ఇండ్లలో గోండీభాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన ప్రతులు నిలిచియుండెను. హైదరాబాదు నుండి వచ్చిన పరిశోధకులు వానిని గుర్తించి లోకమునకు తెలిపిరి. 2018లో ఆ లిపికి యూనికోడునందు స్థానము లభించుటచే, నేడది కంప్యూటరులోను వ్రాయదగినదైనది. ఆ ప్రతులను పాతకాగితములని తగులబెట్టని కుటుంబములవారు గూడ ఈ పుణ్యములో భాగస్వాములు.

ఇక మీవారి మాట. కూటికొఱకు కోటి విద్యలన్నారు; తండ్రి కూటి సంగతి యడుగుట తప్పు గాదు. దానికి మెత్తని మాటలతో గాక నిజముతోనే బదులు చెప్పవలెను. బడిలో తెలుగు చెప్పుటకు పట్టముతోబాటు ఉపాధ్యాయశిక్షణయు, అర్హతపరీక్షయు కావలెను. జూనియరు కళాశాలలో ఉపన్యాసకపదవికి యం.ఏ. కావలెను. డిగ్రీ కళాశాలలకును, విశ్వవిద్యాలయములకును నెట్ గాని సెట్ గాని, లేక పరిశోధనపట్టము గాని కావలెను. సివిలు సర్వీసు పరీక్షలో తెలుగు సాహిత్యమును ఐచ్ఛికవిషయముగా గైకొనవచ్చును. ఈ దారులన్నియు ఉన్నవి. కాని ఖాళీలు తక్కువ, పోటీ యెక్కువ. ప్రకటనలకై ఏండ్ల తరబడి ఎదురుచూచుటయు గలదు. కావున అమ్మాయి సాహిత్యముతోబాటు మఱి రెండు నేర్వవలెనని నీవు షరతు పెట్టుము. ఒకటి, ఇంకొక భాష. ఇంగ్లీషైనను సరే, ఉర్దూ, హిందీలైనను సరే, రెండువైపుల అనువదింపగలిగినంత గట్టిగా. రెండు, కంప్యూటరుపై తెలుగు తప్పులు లేకుండ కూర్చుటయు, అచ్చుచిత్తులు దిద్దుటయు. ఈ రెండును తెలిసినవారికి పత్రికలలోను, ప్రచురణసంస్థలలోను, అనువాదములలోను పని దొరకు అవకాశము హెచ్చును.

అనువాదమును చిన్నచూపు చూడవలదు. పూర్వపు కరీంనగరము జిల్లాలోని వంగరలో పెరిగి, 1991 నుండి 1996 వఱకు భారత ప్రధానమంత్రిగానుండిన పి. వి. నరసింహారావుగారు, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికి అనువదించిరి. హరినారాయణ ఆప్టే మహారాష్ట్రభాషలో స్త్రీల దుఃఖమును గూర్చి వ్రాసిన నవలను ‘అబలాజీవితము’ అను పేర తెనిగించినవారును వారే. ఆ విశ్వనాథవారే 1959 నుండి 1961 వఱకు మీ కరీంనగరము ప్రభుత్వకళాశాలకు ప్రధానాచార్యులుగా నుండిరి. మన అమ్మాయి చేరదలచిన చదువు ఆ యూరికి క్రొత్త గాదు.

మూడవది, ఇంటిగుట్టు. అత్తగారి భయములో కొంత వివేకము గూడ గలదు. తాను చూచిన దుఃఖమును వ్రాయు హక్కు పిల్లకు గలదు. అయితే పక్కింటి కోడలు నమ్మి చెప్పుకొన్న మాటను గుర్తుపట్టునట్లు అచ్చు వేయించు హక్కు లేదు. ఊరు మార్చి, పేరు మార్చి, ఇద్దఱు ముగ్గురి అనుభవమును ఒకచోట గలిపి, నిజము చెడకుండ వ్రాయుటయే కథకుల నేర్పు. ఈ హద్దును ఆమెకు నెమ్మదిగా చెప్పుము. హద్దు చెప్పుట వేఱు, కలము లాగికొనుట వేఱు. నారాయణరెడ్డిగారు తమ సతీమణి సుశీలగారి పేర రచయిత్రులకై ఒక పురస్కారము నెలకొల్పిరి. స్త్రీలు వ్రాయుట గౌరవింపదగిన పని యని మీ జిల్లాలో పుట్టిన మహాకవి తన ఇంటినుండియే చాటెను గదా.

ఇక ఆ నోటుపుస్తకము. దానిని చదువకుము. అచ్చటనే ఉంచుట మంచిపని. బాసరకు దీసికొనిపోయి, జ్ఞానసరస్వతి సన్నిధిని పలకపై బియ్యములో వ్రేలు పట్టి దిద్దించినదానవు నీవే. ఆ అక్షరములతో ఆమె నేడు తన మాట తాను వ్రాసికొనుచున్నది. దొంగతనముగా చదివినచో ఆమె ఇక వ్రాయుట మానదు గాని, నిన్ను నమ్ముట మానును. దానికి బదులు ఆమెకు తాళముగల సొరుగు నొకదాని నిమ్ము. కారణ మడిగిన, నీ పుస్తకములకై యని మాత్రము చెప్పుము. ఆమె గ్రహించుకొనును.

దినమునకు ఒక గంట, ఒకే వేళ, ఆమె దని ఇంటిలో నిర్ణయింపుము. ఆ గంటలో నీళ్ళు తెమ్మని గాని, అతిథులకు టీ పెట్టుమని గాని ఎవరును పిలువరాదు. తమ్మునికి పరీక్షలైనప్పుడు ఇల్లంతయు నిశ్శబ్దమగును. అక్క వ్రాసికొనునప్పుడు ఒక గంట తమ్ముడు గిన్నెలు సర్దినచో వాని మగతనమునకు లోపము రాదు. జిల్లా గ్రంథాలయమున ఆమెను సభ్యురాలిగా చేర్పింపుము. వారమునకు రెండు పుస్తకములు, ఒకటి ప్రాచీనము, ఒకటి ఆధునికము.

ఎన్నడైన తానే వచ్చి చదివి వినిపించెదనన్నచో, చేతిలోని పని దించి కడవఱకు వినుము. ఆహా యని పొగడవలదు. ఇదేమి వ్రాత యని నవ్వవలదు. ఈ మాట నాకు కంటికి కట్టినది, ఈ చోట నాకు తెలియలేదు అని మాత్రము చెప్పుము. ఆ కథలోని అత్త ఎవరని అడుగకుము! వచ్చినవారి యెదుట చదువుమని బలవంతపెట్టకుము. రుసుము కట్టిన బిరుదు లిచ్చెదమనువారును, డబ్బు పుచ్చుకొని కవితాసంకలనములలో చేర్చెదమనువారును నేడు ఫోనులోనే పలుకరింతురు. అట్టివారికి దూరముగా నుంచుము. పత్రికకు పంపిన రచన తిరిగివచ్చిన దినమున ఆమెకు ఇష్టమైన కూర వండుము, ఏమియు మాటాడవలదు.

చెల్లీ, ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. వ్రాయు ఆడపిల్లకు మొదటి రచ్చ ఇల్లే. ఇంటిలో ఒక్కరు, ఒక్కరైనను, నిజాయితీగా విన్నచో ఆమె బయటి తిరస్కారములను పది యోర్చుకొనగలదు. ఆ యొక్కరు నీవు కావలెనని నా కోరిక. మీవారికి ఈ లేఖ చూపుము. బి.ఏ.లో చేర్పించుటకు ఒప్పుకొన్నచో, మూడేండ్లలో ఆమె రెండవ భాషయు, కంప్యూటరు పనియు నేర్చినదో లేదో చూచి యం.ఏ. సంగతి నిర్ణయింతమని చెప్పుము. ఆయన చింతకు ఇది న్యాయమైన సమాధానము. అమ్మాయి కోరికకు న్యాయమైన గడువు.

నాయనమ్మ పాటలలో మొదటిది వ్రాయుట ముగిసిన వెంటనే నాకు పంపుమని అమ్మాయితో పెద్దమ్మ మాటగా చెప్పుము. మామగారికిని అత్తగారికిని నా నమస్కారములు.

ఇట్లు,
నీ అక్క.